బోరు గుంత కాడి నుంచి ఫోన్

నేను పిల్లల ప్రోగ్రాం మొదలుపెట్టి మూడేళ్ళయిన ఏప్రిల్ అది. అనంతపురంలో ఒక ఎరువుల అంగడి పైఅంతస్తులో మా కేబుల్ చానెల్ స్టూడియో. రోజూ సాయంత్రం ఐదుకు అరగంట ఫోన్-ఇన్ చేసేదాన్ని. అంటే పిల్లలు ఫోన్ చేస్తే లైవ్‌లోనే వాళ్ళతో మాట్లాడటం. పొడుపు కథలు, పాటలు, చిన్న చిన్న ప్రయోగాలు. బజారుకు పోతే పిల్లలు అమ్మ కొంగు వదిలేసి "టీవీ అక్కా" అని వచ్చి చెయ్యి పట్టుకునేవాళ్ళు. నాకది గర్వంగానే ఉండేది.

ఒక సోమవారం శబ్దం గురించి చెప్పినాను. ఖాళీ కడవలోకి నా పేరు పిలిస్తే అది గుమ్మని మోగింది. ఆ ఊపులో నవ్వుతా ఒక మాట జారినాను. "మీ ఊళ్ళో లోతుగా ఏది ఉంటే దాంట్లోకి మీ పేరు పిలిచి చూడండి. ఏం ఇనిపించిందో రేపు నాకు చెప్పాల." స్క్రిప్టులో లేని మాట అది. ఇంటికి పోయేసరికి మర్చిపోయినాను కూడా.

మర్నాడు మూడో కాల్ కుందుర్పి దిక్కు ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు సునీత, చదివేది మూడో తరగతి.

"అక్కా, మా చేన్లో బోరు గుంత ఉండాది. పొద్దన్నుంచి అరస్తాండా, అది పలకలే."

"బోరు గుంతా? దానికి మూత లేదా?"

"లేదు. నీళ్ళు పడలేదని మా నాయన పైపు పీకేసినాడు. ఇప్పుడు ఆడే ఉండా. ఫోన్ లోపల పెడతా, నువ్వు పిలువక్కా. నీకైతే పలుకుతాది."

బోరు పైభాగంలో మట్టి విరగకుండా దించే గొట్టాన్ని కేసింగ్ అంటారు. నీళ్ళు పడకపోతే, ఇంకో బోరుకు పనికొస్తుందని రైతులు దాన్ని పీకేస్తారు. అప్పుడు అంచు విరిగి గుంత పిల్ల పట్టేంత వెడల్పవుతుంది. నేనూ రైతు బిడ్డనే, ఆ సంగతి తెలుసు.

లైవ్‌లో కంట్రోల్ రూమ్ వాళ్ళ మాట వినడానికి చెవిలో టాక్‌బ్యాక్ అని చిన్న మిషను పెట్టుకుంటాం. అందులో మా ప్రొడ్యూసర్ మహబూబ్ అన్న, "కాల్ కట్ చేస్తాండా, యాడ్ వేద్దాం" అన్నాడు. కట్ చేస్తే ఆ పిల్ల మళ్ళా గుంతలోకి వంగుతుంది. వద్దని చెయ్యి ఊపి, టాక్‌బ్యాక్ పీకి బల్ల మీద పెట్టినాను. గట్టిగా అరిస్తే బెదిరి జారుతుందేమోనని ఇంకో భయం.

"సునీతా, ఒక ఆట ఆడదామా? ఫోన్ చెవి కాడే పెట్టుకో. మెల్లగా ఇంటి దిక్కు తిరుగు. నడుస్తా అడుగులు లెక్కపెట్టు. నాకు ఇనపడాల."

"ఒకటి... రెండు... మూడు..."

ఆ లెక్క స్టూడియో స్పీకర్లో ఇనిపిస్తా ఉండింది. నలభై కాడ ఆగిపోయింది.

"ముల్లు గుచ్చుకునిందక్కా."

"తీసుకో తల్లీ. నేను ఈడే ఉండా."

మళ్ళా నడిచింది. నూరయింది.

"నూరు తర్వాత నాకు రాదక్కా."

"మళ్ళా ఒకటి నుంచి చెప్పు."

రెండో నూరు సగంలో ఉండగా వాళ్ళవ్వ గొంతు ఇనిపించింది. ఫోన్ ఆమెకు ఇప్పించి సంగతి చెప్పినాను.

"ఏమమ్మా, దాన్ని గుంతలోకి అరవమనింది నువ్వేనంట గదా? అమ్మానాయనా చింతపండు కొట్టే కూలికి పోయినారు. దీనికేమన్నా అయితే వాళ్ళకు నేనేం జెప్పాల? బుద్ధుందా నీకు?"

అదీ లైవ్‌లోనే పోయింది. "తప్పు నాదేనవ్వా" అన్నాను. తర్వాత కెమెరాలోకి చూసి, నిన్న తప్పు చెప్పినానని, బావుల కాడికీ గుంతల కాడికీ ఎవరూ పోవద్దని పిల్లలకు చెప్పినాను.

మరుసటి పొద్దున కెమెరా లేకుండా మహబూబ్ అన్నా నేనూ ఆ ఊరికి పోయినాం. సునీత వాళ్ళ నాయన చేన్లో నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"మూసేది తెలీక కాదమ్మా. ఒక ఏడు వాన బాగా పడితే ఊట ఎక్కుతాదేమో అని ఆశ. మూసేస్తే ఇంక నీళ్ళు లేవని నేనే ఒప్పుకున్నట్టయితాది."

మహబూబ్ అన్న అన్నాడు. "పూడ్చొద్దులే అన్నా, బండ కప్పుదాం. వాన పడినప్పుడు తీసి చూసుకుందువు."

ఆయన పోయి గట్టు మీది బండకు చెయ్యేసినాడు. ముగ్గురం మోసి గుంత మీద పరిచినాం. ఆయనే చుట్టూ రాళ్ళు పేర్చి, పైకెక్కి తొక్కి చూసినాడు.

సునీత ఇదంతా దూరం నుంచి చూసి నన్నడిగింది. "అక్కా, అది ఎందుకు పలకలే?"

"నాకు తెలీదు."

"టీవీలో అన్నీ తెలిసినట్టు చెప్తావు గదా!"

కెమెరా ముందు కూర్చుంటే నాకు దాని అద్దం తప్ప ఏమీ కనపడదు. అవతల టీవీ ముందున్న పిల్ల మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఇంట్లో పెద్దోళ్ళున్నా లేకున్నా. అప్పటి నుంచి "చేసి చూడండి" అనే ముందు, ఆ పిల్ల యాడ నిలబడి చేస్తుందో ఒకసారి ఆలోచించుకుంటాను. తెలీనిది అడిగితే తెలీదనే చెప్తాను. మొదటిసారి లైవ్‌లో అట్లా అన్నప్పుడు ప్రోగ్రాం పరువు పోయిందనుకున్నాను. ఆ సాయంత్రం ఫోన్లు ఆగలేదు. పిల్లలే నాకు జవాబు చెప్పడానికి పోటీ పడినారు.