కిషన్‌రావు గారూ, నేల చప్పుడూ

కిషన్‌రావు గారు మనుషులను ముఖం చూసి కాదు, నేల మీద కాలు మోపిన చప్పుడు విని గుర్తుపడతారు. ఎడిన్‌బర్గ్ ఆస్పత్రిలో ముప్పైరెండేళ్లు ఫిజియోథెరపిస్టుగా ఉండి, అందులో చివరి పదేళ్లు బ్యాలే నర్తకుల కాళ్లు బాగుచేసిన ఫలితమిది. దీనికి మందు లేదని మా తెలుగు సంఘం కార్యదర్శిగా నేను మినిట్స్ పుస్తకంలో నమోదు చేసి ఉంచాను.

ఒకసారి బస్సు దిగుతున్న పెద్దావిడను ఆపి, మడమ ముందు ఆనించారని మందలించారు. ఆవిడే "సారీ" చెప్పింది. ఈ దేశంలో కాలు తొక్కించుకున్నవారే క్షమాపణ చెబుతారు.

మా ఫ్లాట్‌కు వచ్చినా అదే ధోరణి.

"మీరు మెట్లు దిగుతుంటే విన్న. మీ కుడి మోకాలు కోపంగున్నది."

"కోపంగా ఉన్నది నేనండీ!"

అయినా వినగా వినగా నాకే కుతూహలం పుట్టింది. ఎగరడం సులువు, దిగడమే విద్య అంటారాయన. దిగినప్పుడు మన బరువుకు ఎన్నో రెట్లు నేల తిరిగి కొడుతుంది. ముందు వేళ్లు, తరువాత పాదం, చివరన మడమ ఆనాలి. చీలమండ, మోకాలు, తుంటి వరుసగా వంగి ఆ దెబ్బను పంచుకోవాలి. మోకాలు వేళ్ల వైపే వంగాలి, లోపలికి వాలకూడదు.

"చప్పుడైందంటే పంపకం సరిగ్గ కాలేదన్నట్టు!"

పోయిన ఉగాది సభలో మా సంఘం సభ్యురాలు శాంత గారి అమ్మాయి మధులిక బ్యాలే ప్రదర్శన పెట్టాము. పద్నాలుగేళ్ల పిల్ల, నెల తిరిగితే డాన్స్ స్కూల్ ఆడిషన్. సంగీతం మొదలై, ఆమె ఎగరబోతుండగా, కిషన్‌రావు గారు "మైకు సర్దుత" అంటూ వేదికెక్కి దభీమని పడ్డారు.

"అయ్యో, నా మోకాలు!"

"దిగడం నేర్పే గురువుగారే దబ్బున పడ్డారు!" అని వెనక వరుసలోంచి మా సంఘం కుర్రాడు రమణ అరిచాడు. రెండువందల మంది విరగబడి నవ్వారు. ప్రదర్శన ఆగిపోయింది. నేను ఆయన మీద సంఘం కమిటీకి మూడు పేజీల అభియోగపత్రం సమర్పించాను. నకలు నా దగ్గరుంది.

మూడు వారాలకు తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు.

"అంకుల్, ఆ కంప్లైంట్ వెనక్కి తీసుకోండి, ప్లీజ్. ఆయన కావాలనే పడ్డారు," అంది మధులిక. "ఆ రోజు పొద్దున రిహార్సల్‌లోనే నా ఎడమకాలి సౌండ్ పట్టేశారు. నెల నుంచీ నొప్పి. ఆడిషన్ పోతుందని అమ్మకి చెప్పలేదు. 'ఇయ్యాల నువ్వే చెప్పు బిడ్డా, లేకుంటే రేపు నేను చెప్త. అప్పటిదాంక దుంకొద్దు' అన్నారు. నేను వినకుండా స్టేజ్ ఎక్కేశాను."

"స్కాన్‌లో ఎముకకు పగులు మొదలైందని తేలిందండీ," అన్నారు శాంత గారు. "కిషన్‌రావు గారే స్కూలుకు లెటర్ రాసి ఆడిషన్ ఆరు నెలలు వాయిదా వేయించారు."

నేను వెంటనే వెళ్లి కిషన్‌రావు గారిని నిలదీశాను. "నోటితో చెప్పి ఆపవచ్చు కదా!"

"అందరి ముందట పిల్ల ఎందుకు తల దించుకోవాలె? నన్ను చూసి నవ్వితే నాదేం పోయింది?"

ఆకులు రాలే కాలానికి మధులిక మళ్లీ దూకవచ్చని డాక్టర్లు అనుమతించారు. డాన్స్ స్టూడియోలో శాంత గారు ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకున్నారు. కిషన్‌రావు గారు కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, చెవి రిక్కించారు. కాసేపు నిశ్శబ్దం.

"భయపడకు బిడ్డా," అన్నారు మెల్లగా. "దుంకు మరి."

"ఇప్పటికే నాలుగుసార్లు దూకేశాను అంకుల్!" అంది మధులిక.