కత్తెరమ్మ కొత్త విద్య

బట్టల కర్మాగారంలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా బట్ట కత్తిరించడమే ఆమె పని. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో చెప్పేసేది. అలాంటి మనిషి బల్ల పక్కకే కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం వచ్చింది.

వచ్చింది సరే, నడిపేవాళ్లేరీ? ప్రకటన మీద ప్రకటన వేశారు. చేరిన మొదటివాడు నెల తిరక్కుండానే మెరుగైన ఉద్యోగానికి ఎగిరిపోయాడు. రెండో ఆయన గుడ్డ మిగులుతుందని మఖమల్ ముక్కల్ని తలకిందులుగా పేర్చి కోశాడు. మఖమల్ నూగు ఒకేవైపు వాలి ఉంటుందని, తిప్పి పెడితే రంగు మారి కనిపిస్తుందని ఆయనకు తెలియదు. కుట్టాక చూస్తే ప్రతి కోటుకీ ఒక చెయ్యి ముదురు, ఒక చెయ్యి లేత. ఆయనా వెళ్లిపోయాడు. ఆపైన ఏడు నెలలు యంత్రం ముసుగుతన్ని పడుకుంది.

ఒక పొద్దున కత్తెరమ్మ మేనేజరు గదిలోకి వెళ్లింది.

"నేను నేర్చుకుంటాను సార్."

"యాభై రెండేళ్లకా అమ్మా?"

"నాకు మీటలు తెలీవు, దానికి బట్ట తెలీదు. చెరో సగం వచ్చు. మొత్తం వచ్చినవాళ్లు మీ దగ్గర ఎవరున్నారు చెప్పండి?"

ఆయన నవ్వాడు. సరేనన్నాడు.

ఆమె భర్త రిటైరైన టైపిస్టు. ఎక్కడినుంచో పాత కీబోర్డు పట్టుకొచ్చి భార్య ముందు పెట్టాడు. "చిటికెనవేలు అలంకారానికా? దానికీ పని చెప్పు" అని కసిరేవాడు. "కూర సంగతి నేను చూస్తాలే" అని భరోసా ఇచ్చి, రోజూ మాడ్చేవాడు. ఆమె కిక్కురుమనకుండా తినేది. కర్మాగారంలో మౌసు మాత్రం మాట వినేది కాదు. ఓసారి తెరమీద గీసిన జేబంతా చెరిగిపోతే స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చుంది.

మూడో నెలలో మఖమల్ కోసింది. కుట్టిన కోటుల మీద అరచేత్తో నిమిరి చూసింది. నూగంతా ఒకేవైపు వాలింది. ఆ సాయంత్రం భర్తకు చెబితే, "చిటికెనవేలు వాడావా?" అని అడిగాడు మహానుభావుడు.

తర్వాత నలుగురు కుట్టుపనివాళ్లకు నేర్పింది. ఇద్దర్ని పక్క కర్మాగారం ఎగరేసుకుపోయింది.

"మీరు నేర్పడం, వాళ్లు పట్టుకుపోవడం! ఎన్నాళ్లమ్మా ఇలా?" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

"వాళ్లకూ మనుషులు దొరకట్లేదుగా సార్, పోనివ్వండి. రేపు ఇంకో ఇద్దర్ని పంపండి. గుండీలు కుట్టే ఆవిడను ముందు. ఆవిడ కన్ను భలే చురుకు."