తాత నరకని చెట్లు

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం సెలవుల్లో, లింగాల దగ్గర మా తాత చీనీతోటను, బత్తాయి చెట్లన్నిటినీ, రాత్రికి రాత్రి ఎవరో నరికేశారు. ఎవరో అంటున్నాను గానీ ఊళ్లో అందరికీ తెలుసు, పక్క తోట ఆయనే. బోరునీళ్ల దగ్గర మొదలైన గొడవ ఎన్నికలప్పుడు ముదిరింది. మా వైపు ఊళ్లలో మనిషి మీద పగ ఉంటే వాడి చెట్ల మీద తీర్చుకోవడం కూడా ఉంది. చీనీ కాపుకు రావాలంటే ఏళ్లు పడతాయి. చెట్టును నరికితే ఆ ఏళ్లను నరికినట్టే.

బెంగళూరులో పెరిగిన పిల్లను నేను. అమ్మ ఫోన్ లాక్కుని ఆటలాడడమే తప్ప తోట సంగతి తెలియదు. అయినా పడిపోయిన కొమ్మలకు పచ్చికాయలు ఇంకా వేలాడుతుంటే ఒళ్లు మండిపోయింది. తాత గొడ్డలి తీసుకుని గట్టు దాటాడు. నేనూ వెంటపడ్డాను.

పక్క తోటలో ఎవరూ లేరు. తాత మొదటి చెట్టు దగ్గర ఆగాడు.

"నరుకు తాతా. వాళ్లు నరికినారు కదా," అన్నాను.

గొడ్డలి ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. చివరికి దాన్ని భుజాన వేసుకుని, "పా పాపా, ఇంటికి పోదాం," అన్నాడు.

దారంతా నాకు కోపం తగ్గలేదు. దేవుడు మనుషుల్లోంచి ఈ చెడ్డబుద్ధిని, ఫోన్లో ఆటను తీసేసినట్టు తీసేయొచ్చు కదా అని అడిగాను.

"తీసేసింటే ఈ పొద్దు నేనేం చేసినట్టు? గొడ్డలి ఎత్తలేనోడు నరకల్యా అంటే దాంట్లో ఏముంది? నేను నరకగలను. నరకాలని శానా ఉన్నింది. అయినా నరకల్యా. ఈ పొద్దు నాది అనేది అదొక్కటే పాపా."

నిజమే అనిపించి, ఇంటికి రాగానే అవ్వకు చెప్పాను. అవ్వ నీళ్లచెంబు తాత ముందు పెట్టింది.

"నువ్వు మంచోనివి అనిపించుకునేదానికి పక్కనోడు చెడ్డోడు కావల్లనా? ఆ దేవుడు వాని బుద్ధి తీసేసింటే నా చెట్లు నిలబడుకోని ఉండేవి. నువ్వు మంచోనివి కాకున్నా నాకేం పర్వాల్యా."

తాత నీళ్లు తాగాడు. అలుపొచ్చింది అన్నాడు.

"ఏం చేయకుండా వచ్చినందుకే అలుపా?" అంది అవ్వ.

"అదే గదా," అని తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. పొద్దంతా దున్ని వచ్చినవాడిలా ఆ రోజు ఇక లేవలేదు.

సాయంత్రం తాత మేనల్లుళ్లు గుంపుగా వచ్చారు.

"ఏం చేస్తాండాడు అత్తా, మామ? ఊ అంటే చాలు, తెల్లారేసరికి వాని తోట ఉండదు."

అవ్వ గడపలోనే నిలబడింది. ఊ అంటుందనే అనుకున్నాను.

"మీ మామ పండుకున్యాడు. పోయి అన్నాలు తినుకోండప్పా," అంది. వాళ్లు గొణుక్కుంటూ ఎంతసేపు ఉన్నా ఆమె తప్పుకోలేదు.

పెద్దదాన్నయిన నాకు ఇప్పుడు తాతకంటే కోపం ఎక్కువ. ఎవరితోనైనా గొడవైతే ఎక్కడ తగిలితే నొప్పో చూసి మరీ టైపు చేస్తాను. కొన్నిసార్లు పంపేస్తాను, కొన్నిసార్లు తుడిచేస్తాను. తుడిచేసిన రోజు మంచిదాన్ని అయ్యాననిపించదు, ఊరికే ఒళ్లు నొప్పులు. ఆ బుద్ధినే తీసేస్తామని ఎవరైనా వస్తే చాలా రోజుల్లో సరేననేదాన్నే. అవ్వ అడిగినదానికి ఇప్పటికీ నా దగ్గర బదులు లేదు. ఉన్నది ఒక్కటే, చెట్లు పోయిన ఆ అవ్వే, ఎవరూ చెప్పకుండానే, గడపకు అడ్డంగా నిలబడడం.