నాచులో ఎలుగుబంటి

జిప్పులు బాగుచేసే వింతలక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేరు. ఎవరో పిలిచారు, ఇంకెవరో అందుకున్నారు. చివరికి సొంత అత్తగారు కూడా ఇంటికొచ్చిన వాళ్లతో "మా వింతల కోడలు దుకాణంలో ఉంది, వెళ్లండి" అనడం మొదలుపెట్టింది.

ఆ దుకాణం ఒక పాత భవనం మెట్ల కింద ఉంది. గోడ వైపు పైకప్పు వాలిపోయి ఉంటుంది కనుక అక్కడ కుట్టుమిషను పెట్టుకుంది. నిలబడగలిగే చోట కత్తిరించే బల్ల. మెట్ల మీద ఎవరు ఎక్కినా నెత్తిన డోలు కొట్టినట్టుంటుంది. పై అంతస్తులో రక్తపరీక్షల ల్యాబ్ ఉండడంతో, ఉదయం పూట పరగడుపున వచ్చే వాళ్ల అడుగుల చప్పుడుకు సూదులు డబ్బాలో గలగలలాడుతుంటాయి.

ఆమెకీ వింతల పిచ్చి అంటించినవి పాత పేపర్లు. చొక్కా చేతికో కాలరుకో ముందు కాగితం మీద గీసి కత్తిరించుకోవడం ఆమె పద్ధతి. ఒకరోజు అలా సుద్దతో గీస్తుంటే, గీత కింద అచ్చులో ‘ఆక్టోపస్‌కు మూడు గుండెలు’ అని కనబడింది. కత్తెర ఆగిపోయింది. ఒక్క గుండెను పెట్టుకునే మనం ఇంత అవస్థ పడుతుంటే మూడేమిటి! చదువుతూ పోయింది. దాని రక్తం నీలంగా ఉంటుందట. ఎందుకో చెప్పబోతుండగా వాక్యం తెగిపోయింది. మిగతా ముక్క ముందురోజే ఎవరి చొక్కాకో జేబు నమూనా అయిపోయింది. ఆమె చెత్తబుట్ట బోర్లించి, పేలికల్లోంచి ఆ జేబును వెతికి తీసి, ఇస్త్రీపెట్టెతో ముడతలు పోగొట్టి, వాక్యాన్ని వాక్యానికి అతికించి చదివాకగాని ఊపిరి పీల్చుకోలేదు.

ఇక అప్పటినుంచి ఆగలేదు. పేపర్లో సైన్సు పేజీ వస్తే దానికి కత్తెర తాకనివ్వదు. మిషను తొక్కుతూ ఫోన్‌లో అవే వింటుంది. విన్నది కడుపులో దాచుకునే మనిషి కూడా కాదు, నోట్లో నువ్వుగింజ నానదు. జిప్పు పాడై వచ్చినవాడు జిప్పుతోపాటు ఏదో ఒక వింత పట్టుకుపోవలసిందే.

"శుక్రగ్రహం మీద ఏడాదికన్నా ఒక రోజే పొడుగట, తెలుసా?" అంది ఒకసారి, జిప్పు రన్నర్‌ను దాని పళ్ల మధ్యకు ఎక్కిస్తూ.

ఆ వచ్చినాయన బస్సు కండక్టరు. నోరు తక్కువవాడు కాదు. "ఓహో! అయితే అక్కా, నువ్వు ‘రేపు ఇస్తా’ అన్నప్పుడల్లా ఆ లెక్కన అంటున్నావన్నమాట" అన్నాడు.

ఆమె పడీపడీ నవ్వి, ఆ ప్యాంటు అప్పటికప్పుడే కుట్టి ఇచ్చేసింది.

అలాంటి మనిషికి, వానలు వెనకబట్టిన రోజుల్లో, నీటి ఎలుగుబంటి ఎదురైంది.

మధ్యాహ్నం ఒక కోటుకు లోగుడ్డ మారుస్తూ ఫోన్ వింటోంది. కంటికి ఆనీ ఆనని ఒక ప్రాణి ఉందట. ఎనిమిది బొద్దు కాళ్లు, కాళ్లకు గోళ్లు, నడక అచ్చం ఎలుగుబంటి నడక. తడి ఆరిపోతే కాళ్లు లోపలికి ముడుచుకుని, చిన్న పీపాలా ఎండిపోయి, ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుందట. మళ్లీ ఒక నీటిచుక్క పడితే కాసేపటికి కాళ్లు చాపుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోతుందట. ఎముకలు కొరికే చలిని తట్టుకుంటుందట, అంతరిక్షంలోకి పంపితే కొన్ని బతికి తిరిగొచ్చాయట. ఇవన్నీ విని ఆమె తల ఊపుతూనే ఉంది. ఆఖరి మాట మాత్రం ఆమెను కుర్చీలోంచి లేపింది. ‘దీనికోసం ఏ సముద్రానికో వెళ్లక్కర్లేదు. మీ ఇంటి గోడమీది నాచులోనే ఉండొచ్చు.’

లేచిన మనిషికి వాలిన పైకప్పు ఠంగున తగిలింది. నెత్తి రుద్దుకుంటూనే దుకాణానికి తాళం వేసింది.

ఇప్పటిదాకా ఆమె విన్న వింతలన్నీ దూరపువే. ఆక్టోపస్ సముద్రం అడుగున, శుక్రుడు ఆకాశంలో. నమ్మడమో మానడమో తప్ప ఆమె చేయగలిగిందేమీ లేదు. ఇది మాత్రం తన గోడమీదే ఉంది! కాలుగాలిన పిల్లిలా ఇంటికి పరుగెత్తి, మేడ మీదికి వెళ్లి పిట్టగోడ చూసింది. గోడ అద్దంలా మెరుస్తోంది. పక్కనే అత్తగారు బ్రష్షు కడుగుతోంది.

అత్తగారు ఒకప్పుడు అదే మేడమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆనాటినుంచి ఆవిడకూ నాచుకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎక్కడ పచ్చగా కనబడినా గీకి పారేస్తుంది.

"అత్తయ్యా, మొత్తం గీకేశారా?"

"గీకక ముద్దులాడమంటావా? ఏం, దుకాణం మూసొచ్చావు?"

"ఆ నాచులో ఎలుగుబంట్లు ఉంటాయట, అత్తయ్యా!"

ఆవిడ బ్రష్షు కింద పెట్టి కోడలి నుదురు మీద చేయి వేసి చూసింది. "జ్వరం లేదే" అంది. "గోడమీద ఎలుగుబంట్లు, గోడకింద ఏనుగులూనా? నీ ఫోన్‌ను తీసుకెళ్లి ఆ బకెట్లో పడేస్తాను ఉండు."

ఇంట్లో దొరకకపోతేనేం. దుకాణం వెనక, నీళ్ల గొట్టం కారే మూలలో, గోడంతా పచ్చటి నాచు. మర్నాడే చెంచాతో కొంత ఒలిచి తెచ్చి, సాసర్‌లో నానబెట్టి, పిండి, ఆ నీటిని సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం కింద చూసింది. మట్టినీళ్లు, ఇంకాస్త పెద్ద మట్టినీళ్లుగా కనిపించాయి, అంతే.

పైన ల్యాబ్‌లో రక్తాలు పరీక్షించే అమ్మాయి ఆమెకు బాగా తెలుసు. ఆ పిల్ల తెల్లకోటుకు గుండీలు మళ్లీ మళ్లీ కుట్టేది ఈమే. మధ్యాహ్నం భోజనాల వేళ వింతలక్క సాసర్ పట్టుకుని పైకి వెళ్లింది.

"ఏంటక్కా ఇది, చట్నీయా?"

"నాచు. ఒక్కసారి నీ మైక్రోస్కోప్‌లో పెట్టి చూపించవూ? నీ కోటు జేబులు రెండూ లోతుగా కుట్టిపెడతా."

"జేబుల సంగతి తర్వాత. అసలేముంది ఇందులో?"

చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "చదువుకునేటప్పుడు బొమ్మ చూశాను. నిజంగా ఎప్పుడూ చూళ్లేదక్కా. రోజంతా రక్తమూ మూత్రమూ. ఇలాంటిది చూద్దామని తోచనేలేదు. ఇటివ్వు ముందు!" అని సాసర్ లాక్కుంది. టిఫిన్ డబ్బా మూత పెట్టిందో లేదో కూడా చూసుకోలేదు. గాజుపలక మీద ఒక చుక్క వేసి, కింద దీపం వెలిగించి, మర తిప్పి, "చూడు" అంది.

వింతలక్క కన్ను ఆనించింది. మొదట తన రెప్పవెంట్రుకలే కనబడ్డాయి. తల కాస్త వెనక్కి తీసుకోగానే ఒక వెలుగు గుండ్రంగా విచ్చుకుంది. ఆ వెలుగులో ఇసుకరేణువులు గాజురాళ్లలా, ఆకుముక్కలు పచ్చటి గళ్లగుడ్డలా ఉన్నాయి. వాటి మధ్య సన్నటి పురుగొకటి దారప్పోగులా మెలికలు తిరుగుతోంది. ఇంకోటేదో ఒకచోట అతుక్కుని, తలమీద రెండు చక్రాలు గిర్రున తిప్పుతోంది.

"అమ్మో, చక్రాలు! దీనికి మోటారు ఎవరు పెట్టారే!"

"ఏదీ, ఏదీ!" అంటూ ఆ పిల్ల ఆమెను తోసేసినంత పనిచేసింది. నిమిషానికొకరు చొప్పున ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ చూశారు. ఎలుగుబంటి మాత్రం లేదు. మర్నాడూ లేదు. గొట్టం దగ్గరి నాచులో బట్టలుతికిన సబ్బునీళ్లు కలుస్తున్నాయని, అందుకే అందులో బతకలేదేమోనని ల్యాబ్ అమ్మాయి అనుమానం. ఎప్పుడూ తడిసి ఉండే నాచు కంటే, ఎండుతూ తడుస్తూ ఉండే నాచే దానికి ఇష్టమని వింతలక్క ఎక్కడో విన్నది.

ఇంట్లో ఆ రోజంతా అదే మాట. ఎండుతూ తడుస్తూ ఉండే నాచు ఎక్కడుంటుంది? రాతిమీదా? చెట్టు బెరడుమీదా? భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన ఊ కొట్టాడు. అత్తగారు ఊ కూడా కొట్టలేదు.

మరుసటి రోజు పొద్దున్న వింతలక్క చెప్పులేసుకుంటుంటే ఆవిడ వెనకనుంచి వచ్చి, చేతిలో ఒక అగ్గిపెట్టె పెట్టింది.

"ఏంటత్తయ్యా?"

"మేడమీద ఆ పగిలిన పూలకుండీ లేదూ, దాని అంచున ఉంది. ఎండకు గిడసబారిపోయింది. ఇవాళ గీకేద్దామనుకున్నా." ఆవిడ ఎటో చూస్తూ అంది. "పారేసేదేగా. నీ ఎలుగుబంటి ఉందేమో చూసుకో. లేకపోతే మాత్రం ఆ పేరు ఇంట్లో ఎత్తకు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. "చాల్లే, మణికట్టు!" అంది అత్తగారు.

అగ్గిపెట్టెలోది నాచులాగే లేదు. గోధుమరంగు తిరిగిన పొడి. దుకాణానికి వెళ్లగానే శుభ్రమైన నీళ్లలో నానబెట్టింది. గంట గడిచేసరికి అదే పొడి పచ్చగా పొంగింది. ఇక ఆమెకు పని మీద ధ్యాస ఉంటేనా! ఒక స్కర్టుకు జిప్పు తలకిందులుగా కుట్టి, నాలుక కరుచుకుని విప్పింది. పైనుంచి ల్యాబ్ అమ్మాయి రెండుసార్లు మెట్లమీదికి వంగి "నానిందా?" అని అరిచింది.

భోజనాల వేళ ఇద్దరూ తిండి సంగతే మరిచారు. ఆ పిల్ల పలకను వెంట్రుకవాసి చొప్పున జరుపుతోంది. వింతలక్క చూస్తోంది. రేణువులు, ఆకుముక్కలు, చక్రాలవాడు.

"ఆగు! వెనక్కి. కొంచెం వెనక్కి జరుపు."

ఆకుముక్క వెనకనుంచి ఒక కాలు వచ్చింది. పొట్టికాలు, చివర గోళ్లు. గాలిని తడుముకున్నట్టు అటూ ఇటూ ఊపి, ఆకును పట్టుకుంది. ఇంకో కాలు. తర్వాత మొద్దు తల. తర్వాత గాజులాంటి ఒళ్లు, బొద్దుగా, దొంతరలు దొంతరలుగా. కడుపులో తిన్న పచ్చదనం బయటికి కనబడుతోంది. అది తీరుబడిగా, ఎవరికీ బదులు చెప్పుకోవలసిన పనిలేనట్టు, ఆకు అంచు ఎక్కింది.

వింతలక్క కన్ను తీయకుండానే చేయి చాపింది. ల్యాబ్ అమ్మాయి భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో, ఆ పిల్ల "అబ్బా!" అని, వెంటనే తనూ కన్ను పెట్టి, "అక్కా! అక్కా! ఉందక్కా!" అని గంతులేసింది.

వింతలక్క మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఇంటికి ఫోన్ చేసి "అత్తయ్యా, రండి, వెంటనే రండి" అంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ, ఆ మెట్లు చూస్తేనే తిట్టే ఆవిడ, కడ్డీ పట్టుకుని, మధ్యలో ఒక్కచోట కూడా ఆగకుండా పైకొచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఏమీ లేదు, నల్లగా ఉంది."

"మూయాల్సింది ఆ కన్ను కాదు, ఈ కన్నండీ" అంది ల్యాబ్ అమ్మాయి.

ఆవిడ కన్ను మార్చింది. ఇంకాస్త ముందుకు వంగింది. తర్వాత ఒక్కసారిగా స్టూలు వెనక్కి నెట్టింది.

"వస్తోంది! నా మీదికే వస్తోందే!"

ఇద్దరూ పొట్టపట్టుకుని నవ్వారు. ఆవిడ ఆ నవ్వు పట్టించుకోకుండా మళ్లీ వంగింది. ఈసారి ఎవరు అడిగినా లేవలేదు. "గోళ్లు చూడు దీనికి... తప్పటడుగులు వేస్తోంది, పసిదానిలా..." అని తనలో తను అనుకుంటూనే ఉంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది, "పొద్దున ఇది ఎండిపోయి ఉంది కదూ? ఆ పొడిలో?"

"అవునత్తయ్యా. ముడుచుకుని."

"ఎన్నాళ్లుగానో?"

"ఎవరికి తెలుసు!"

ఆవిడ లేచేటప్పుడు ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగి, "నీళ్లు ఆరిపోనివ్వకమ్మా, సాయంత్రం మళ్లీ కుండీ దగ్గర పెట్టేస్తాను" అంది.

సాయంత్రం వింతలక్క భర్త డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, కుండీ అంచున ఆ నీళ్లు పోసి దిగిన అత్తాకోడళ్లు ఇద్దరూ గుమ్మంలోనే పట్టుకుని ఒకేసారి మొదలుపెట్టారు. కాళ్ల సంగతి ఒకరు, గోళ్ల సంగతి ఒకరు. మధ్యలో "నువ్వుండు, నే చెప్తా", "మీరాగండి, నేను కదా ముందు చూసింది" అని వాదులాట. ఆయన చేతులకున్న గ్రీజు కడుక్కుంటూ అంతా విని, "గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?" అని అడిగాడు.

అది ఇద్దరికీ తెలియదు. వింతలక్క ఫోన్ తీసి వెతికింది. వెతికి, చదివి, మళ్లీ మొదటినుంచి చదువుకుంది.

"చెప్పవే!"

"గుడ్లేనట అత్తయ్యా. ఒళ్లు పెరిగి చర్మం బిగుతవుతుంది కదా, దాన్ని చొక్కా విప్పినట్టు విప్పేసి, ఆ విడిచిన చర్మంలోనే గుడ్లు పెట్టి వెళుతుందట. అన్నీ కాదు, కొన్ని రకాలు."

"పాత చొక్కాలోనా!" అన్నాడాయన, తుండుగుడ్డ భుజాన వేసుకుంటూ. "ఎక్కడుంది ఆ కుండీ? నాకూ చూపించండి."

అత్తగారు అప్పటికే మేడ మెట్ల దగ్గరుంది. చెప్పులు విప్పి, జాగ్రత్తగా, ముందు నడుస్తూ, "అడుగు చూసుకుని వెయ్యండి" అని వెనక వాళ్లను హెచ్చరించింది. "మీరు జారతారని కాదు, తొక్కేస్తారని."