కమల వాళ్ళమ్మ పంపిన పొంగణాలు

మొన్న ఆదివారం చెన్నైలో, ఒక బడి ఆటస్థలంలో వేసిన షామియానా కింద, కాగిన ఇనుప పెనం మీద ఏలకుల పొడి కలిపిన మజ్జిగ పిండి పడగానే లేచిన వాసన నన్ను ఉన్నచోటే నిలబెట్టేసింది. అది డెన్మార్కు వాళ్ళ వారసత్వ ఉత్సవం. ఒకప్పుడు తరంగంబాడిలో కోట కట్టుకుని వ్యాపారం చేసిన ఆ దేశస్థుల పటాలు, ఓడల బొమ్మలు, ఎర్రటి గుడ్డ మీద తెల్ల శిలువ ఉన్న జెండాలు వరుసగా పెట్టారు. షోళింగనల్లూరులో కంపెనీ ఉద్యోగం చేసే ఉష పాసులు సంపాదించి, మైలాపూరులో ఒకే బడిలో చదువుకున్న నన్నూ కమలనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక రోజంతా తనతో కలిపింది. పొద్దుటి నుంచీ నేను పటాల ముందు వాదిస్తూనే ఉన్నాను, కోట కట్టించిన దొర పేరు రాశారు సరే, రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లేవీ అని.

"దీని నోరు మటుకు ఇంకా రిటైరు కాలేదుమే," అని ఉష నవ్వింది.

పొయ్యి దగ్గర ఒక డేనిష్ ఆవిడ ఏడు గుంతల పెనంలో పిండి పోసి, స్వెట్టర్లు అల్లే సూదితో ఒక్కొక్క ఉండనూ తిప్పుతోంది. అచ్చంగా మన గుంతపొంగణాలే. నేను ఊరుకుంటానా? ఇవి మాకేమీ కొత్త కాదు, ఇదిగో ఈ కమల వాళ్ళమ్మ ప్రతి క్రిస్మస్‌కీ చేసి పంపేది, గిన్నె మొత్తం నేనే ఖాళీ చేసేదాన్ని అని ఇంగ్లీషులో ఆవిడకి పాఠం చెప్పాను. ఆవిడ మురిసిపోయి మూడు పెట్టి పైన చక్కెర పొడి చల్లింది.

"గుడ్డు ఏసుండారంట, చూసుకోమే రాధా," అంది ఉష.

"ఉంటే ఉండనీ. ఆ కాలం పోయింది," అని నోట్లో వేసుకున్నాను. కమల ముట్టలేదు.

ఆ కాలమంటే, ధనుర్మాసపు మంచులో వీధి వీధంతా ముగ్గులు పరుచుకుని, వాటి నడుమ గుమ్మడిపూలు గుచ్చిన పేడముద్దలు కూర్చుని, గుడి మైకు మోతా కాఫీ డికాక్షన్ వాసనా కలిసి మమ్మల్ని నిద్ర లేపే కాలం. అరపరీక్షల సెలవుల్లో మధ్యాహ్నాలు మా అరుగు మీద గచ్చకాయలు ఎగరేస్తూ నేనూ కమలా ఉషా జుట్లు పట్టుకునే కాలం. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగే మా అవ్వ, కమలకి దాహమేస్తే మాత్రం అరుగు చివర బోర్లించిన అల్యూమినియం గ్లాసు చూపించే కాలం. కమల వాళ్ళదీ తెలుగిల్లే. మా వెనక సందులో ఉండేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు. మా వీధి ఊడ్చేది వాళ్ళమ్మే. ఆ చేతి తిండి మా గుమ్మం దాటకూడదని నాకెవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

క్రిస్మస్ పొద్దున కమల గిన్నె తెచ్చేది, బెల్లమూ కొబ్బరి ముక్కలూ వేసిన పొంగణాలు, పైన అరిటాకు. నేను పెరటి తలుపు తీసి సందులో తిరిగే ఆవు ముందు కుమ్మరించి, గిన్నె తోమి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు గనక గుప్పెడు చక్కెర పోసి, స్వయంగా పట్టుకెళ్ళి "చాలా బాగున్నాయి అత్తా" అని చెప్పి వచ్చేదాన్ని. పారేయలేదు, గోవుకే పెట్టాను అని పదేళ్ళకే నాకు వాదన సిద్ధంగా ఉండేది. ఆరు క్రిస్మస్‌లు అలా గడిచాయి.

బెంచీ మీద కూర్చున్నాక కమల నెమ్మదిగా అంది: "గిన్నె ఖాళీ చేసింది నువ్వు కాదుమే. ఆవు."

నేను చేతిలో మిగిలిన ఉండని పళ్ళెంలో పెట్టేశాను.

"మొదటి ఏడే చూసినా. గిన్నె బిన్నా, అప్పటికప్పుడే కావాలని అమ్మ పంపిస్తే ఎనక సందులో వచ్చినా. ఆడ నువ్వు కుమ్మరిస్తా ఉండావు."

"మరి అన్నేళ్ళు ఎందుకు తెచ్చినావే?"

"బాగున్నాయత్తా అన్న నీ మాట పట్టుకొని అమ్మ ఏడాదంతా మురిసేది. అది నేను చెరపాల్నా?"

ఉష మధ్యలో దూరింది. "చిన్నపిల్లలప్పటి సంగతి, ఇడిసిపెట్టుమే."

"చిన్నపిల్లలప్పటిదా? ఇప్పుడు ఆ దొరసాని కాడ చెప్పిందెవురు? యాబై దాటినాక?"

పదేళ్ళ పిల్లని, అవ్వ భయం, ఇంటి కట్టుబాటు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయాయి. తప్పయింది అన్నాను.

"నాకెందుకు చెప్తావు? చెప్పాల్సిన మనిషి పోయి మూడేళ్ళాయ."

అడగకూడదని తెలిసీ అడిగాను, అవి ఎలా ఉండేవని. కమల నిజంగానే ఆలోచించింది. "తెలీదు. గుండ్రంగా, ఎర్రగా వచ్చినవన్నీ ఏరి నీ గిన్నెకి పెట్టేది. ఇరిగినవి, అడుగంటినవి మాకు. మాడిన బెల్లం రుచే నాకు గుర్తుండాది."

రైలుకి టైమయిందని లేచింది. మళ్ళీ ఎప్పుడు కలుద్దామని ఉష అడిగితే చూద్దాంలే అంది, నా వైపు చూడకుండా. ఆ వెనక సందు ఇప్పుడు లేదు. అక్కడి ఇళ్ళవాళ్ళని ఊరి చివరి బ్లాకులకి పంపేసి కార్లు నిలుపుకునే స్థలం చేశారు. అవ్వ కాఫీ ఎంత చేదో, అరుగు గచ్చు ఎంత చల్లనో అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్పగలను. ఏరి ఏరి నాకు పంపిన ఆ పొంగణాలు ఎలా ఉండేవో చెప్పగల మనిషి మాత్రం ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు.