టై సారు నవ్వు

జనగామ బస్టాండులో గేమ్ డిజైన్ కోర్సు ఫ్లెక్సీ చూడగానే, చిన్నప్పుడు నర్మెట్టలో మా బడికొచ్చిన టై సారు గుర్తొచ్చి ఒళ్లు మండింది. మెడకు టై కట్టుకుని, సెంటు, చెమట కలిసిన వాసనతో క్లాసులో నిలబడి, తన దగ్గర కంప్యూటర్ నేర్చుకుంటే గేములు తయారు చేయొచ్చని కోతలు కోశాడు. నేను లేచాను.

“సార్, గేముల చెట్లు, గుట్టలు ఎట్ల పెడ్తరు?”

“పెడ్తరా? ముందు తెలుగు మాట్లాడటం నేర్చుకోమ్మా!” అని పగలబడి నవ్వాడు. క్లాసంతా నవ్వింది.

సరిగ్గా మాట్లాడేవాళ్లకే ఆ జవాబు చెబుతారని నమ్మాను. ఇంట్లో అచ్చం ఆయనలాగే మాట్లాడసాగాను. మా అవ్వ నా నుదురు పట్టి చూసింది.

“ఏందే బిడ్డా, గట్ల మాట్లాడుతున్నవ్? జరం గిట్ల వచ్చిందా?”

ఇప్పుడు గేముల్లో చెట్లూ గుట్టలూ పెట్టడమే నా ఉద్యోగం. ఆ సారుకు జవాబు తెలియదు, అంతే. తెలియదని పిల్లలతో చెప్పే దమ్ము కూడా లేదు.