ఎర్ర లైటు మీద బొట్టు బిళ్ల

ఆళ్లగడ్డ దగ్గర మా చేలల్లో ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. కలుపు తీసేటప్పుడు పది పన్నెండుమందిమి వరసగా వంగి ముందుకు జరుగుతాం. ఆ వరసను మునుం అంటాం. మునుంలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆ పాటలో ఎవరింటి గుట్టయినా చెప్పుకోవచ్చు. తాగొచ్చిన మొగుణ్ణి, నోరు పారేసుకున్న ఆడబిడ్డను, అన్నం కుండకు కాపలా కూర్చున్న అత్తను తిట్టుకోవచ్చు, ఏడ్చుకోవచ్చు. పొద్దు వాలి, గెనిమ దాటి దారిలో పడినాక మాత్రం ఆ మాట ఎవరి నోటా రాకూడదు. గెనిమ అంటే చేనిగట్టే. ఊళ్లో గుట్లన్నీ ఇంటింటికీ మోసే మనిషి ఒకామె ఉండేది. ఆమె కూడా మునుం పాటను చేలోనే వదిలేసి వచ్చేది.

నాకూ ఒక పాట ఉండేది. మా అత్తమీద.

తొంభైల మొదట్లో, నా కూతురు ఇంకా చంకలో ఉన్న ఏడు, మా అమ్మకు జబ్బు చేసింది. మా అమ్మవాళ్లది ప్యాపిలి దిక్కు పల్లె. ఫోన్లు లేవు, మనిషి వచ్చి చెప్పాల్సిందే. ఆ వారమే మాకు చెనక్కాయలు పెరికే పని. పైన మబ్బు కమ్ముకొని ఉంది. వాన పడితే కాయ నేలలోనే మొలకెత్తిపోతుంది. అందరం నడుములు విరిగేలా పెరికి కుప్పలు వేశాం. శుక్రవారం పొద్దున మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి, నా ముఖం చూడకుండా, "మే, మీ యమ్మకు బాగలేదంట. పాపను ఎత్తుకోని బేగా పో" అంది.

రెండు బస్సులు మారి పోయేసరికి మా అమ్మను ముందురోజే పూడ్చిపెట్టారు. మన్ను ఇంకా తడి ఆరలేదు. మాకు కబురు తెచ్చిన ముసలాయన మా అమ్మ ఇంటి గడపలోనే కూర్చుని ఉన్నాడు.

"మంగళారమే వచ్చి మీ ఇంట్లో చెప్పి పోతిని గదమ్మా. నీకోసం వాకిలి దిక్కు చూసి చూసి పాయ మీ యమ్మ" అన్నాడు.

మంగళవారం. నేను విన్నది శుక్రవారం. మీ ఇంట్లో అంటే నా లెక్కకు మా అత్తే. ఇల్లూ సేద్యమూ ఆమె చేతిమీదే నడిచేవి. నేను తిరిగి వచ్చి ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడిగితే ఇక ఆ ఇంట్లో అన్నం తినలేనని తెలుసు. మళ్లీ కలుపు తీసే కాలం వచ్చినప్పుడు మునుంలో వంగి ఉండగా పాట దానంతట అదే వచ్చింది.

వానకు తెలిసె, గాలికి తెలిసె, నాకు తెలియదే
అమ్మ మాట మూటగట్టి అత్త దాచెనే
అటుక మీద పెట్టెనే, అందకుండ పెట్టెనే

మునుం మునుమంతా "అందకుండ పెట్టెనే" అని అందుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి మా అత్త తలకు ఆముదం రాశాను. అట్లా ఏళ్లు గడిచాయి. నా కోపమంతా చేలో ఉండబట్టే నేను ఆ ఇంట్లో ఉండగలిగాను. మా అత్తతో నవ్వాను, పండగలకు ఆమె పక్కన కూర్చుని ఓళిగలు తట్టాను. ఆ పాట ఆమె చెవిన పడకూడదన్నది ఒక్కటే నా భయం.

నా కూతురు ఆ పాట వింటూ పెరిగిందే. గట్టుమీది వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి దాన్ని పడుకోబెట్టేదాన్ని. మా కట్టుబాటు కూడా దానికి తెలుసు.

నేను నాలుగో తరగతి దాటలేదు. అది నంద్యాలలో డిగ్రీలో చేరింది. కంప్యూటర్లో బొమ్మలు కదిలించే చదువు, మల్టీమీడియా అనేవాళ్లు. చివరి ఏడు పిల్లలు ఒక పాటను వీడియోగా తీసి చూపించాలట. తక్కినవాళ్లంతా డాన్సులు తీస్తున్నారట.

"అమ్మా, నీ పాట తీస్తాం. చేలో నువ్వు పాడాల, మేం తీయాల" అంది.

"నా మొగం ఎవురు చూస్తారే? జొన్న రొట్టె మాదిరి ఉంటాది."

"జొన్న రొట్టెనే కావల్ల మా సారుకు."

జొన్నచేలో పిట్టల్ని తోలే పాట పాడతానని ఒప్పుకున్నాను. అందులో ఎవరి గుట్టూ లేదు. ఒక ఆదివారం పొద్దున అదీ, దాని స్నేహితురాలూ వీడియో కెమెరా తెచ్చారు. కెమెరా ఆ స్నేహితురాలి ఇంట్లోదే. దాని ముందర చిన్న ఎర్ర లైటు ఉంది. అది వెలిగితే తీస్తున్నట్టు, ఆరితే ఆపినట్టు అని నా కూతురే చూపించింది. ఆ లైటు వెలగడం ఆలస్యం, పాట మధ్యలో మాటలు మరిచిపోయేదాన్ని. చేతులు యాడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఎన్నిసార్లు పాడానో.

"ఆంటీ, ఇస్కూల్లో ప్రార్థన చేసినట్టు పాడతాండారు" అని ఆ స్నేహితురాలు నవ్వింది.

"కలుపు తీయమ్మా, లైటు చూడొద్దు" అని నా కూతురు.

"అది మింగేటట్టు చూస్తాంటే నేనెట్ల చూడకుండా ఉండేది?"

మధ్యాహ్నం ఇంటికొచ్చి మా అత్తను తీశారు. ఆమె సంబరం చూడాలి. పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది. తల దువ్వించుకుంది. "నగమంటావా, నగొద్దంటావా? పండ్లు రెండే ఉండాయి, రెండూ తీస్తావా?" అని నోరు తెరిచి నవ్వి మనవరాలిని ఆటపట్టించింది. జల్లెడ పట్టించారు, ఎసరు పెట్టించారు. చివరకు ఒక బట్ట మూట ఇచ్చి, "జేజీ, దీన్ని అటుక మీద పెట్టు, మెల్లగా" అన్నారు. నేను పొయ్యి దగ్గర ఉండి ఆ మాట విన్నాను. నాకే అనుమానమూ రాలేదు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే మళ్లీ చేలోకి పోయాం. పోయేముందు నా కూతురు నా బొట్టు బిళ్లల అట్ట అడిగింది. నావి మెరూన్ రంగువి, నా కూతురు అట్లాంటివి పెట్టుకోదు. అయినా ఇచ్చాను. చేలో ముగ్గురమూ వేపచెట్టు కింద కూర్చుని బొరుగులు తింటున్నాం. కెమెరా ఎదురుగా సద్దిగంప మీద పెట్టి ఉంది.

"అమ్మా, అవ్వ పాట, అదే మీ యమ్మ మాట వచ్చే పాట, ఒకసారి పాడవా? నాకోసం. చిన్నప్పుడు విన్నదే" అంది.

"ఆ మిషను ఆపినావా?"

"ఆపినా. చూడు, ఎర్ర లైటు ల్యా."

చూశాను. లైటు లేదు. ఆ దూరానికి అక్కడ నల్లగా ఏదో చుక్క కనబడిందంతే. చేలోనే ఉన్నాం, ఉన్నదంతా ఆడవాళ్లం, అడిగింది నా బిడ్డ. కట్టుబాటు తప్పినట్టేమీ అనిపించలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా పాడాను. కళ్లు తెరిస్తే ఆ స్నేహితురాలు ఏడుస్తోంది. నా కూతురు ఏడవలేదు. కెమెరా దిక్కు చూస్తోంది.

పది రోజులకు సద్దరొట్టెలు, చెనక్కాయల పొడి మూటగట్టుకుని నంద్యాల పోయాను. కాలేజీలో చెప్పులు బయట విడిచి పోయే గది ఒకటి ఉంది, లోపల చల్లగా. కంప్యూటర్ ముందు కూర్చుని నా కూతురు నా పిట్టల పాట చూపించింది. పాటంతా బట్ట పరిచినట్టు అడ్డంగా పరిచి ఉంది. గొంతు ఒక వరస, బొమ్మ ఒక వరస. మధ్యలో నేను దగ్గాను. అక్కడ రెండు దిక్కులా కత్తిరించి తీసేసింది. అతుకు తెలియలేదు. పగటి వెలుగును మబ్బు వెలుగు చేసింది. నా చేతిని ముందుకు జరిపింది, వెనక్కు జరిపింది.

"యామైనా మార్చొచ్చా దీంట్లో?"

"యామైనా."

"ఎంత పని నేర్చినావే" అని దాని నెత్తి నిమిరాను. ఇంతలో తెర మీద ఇంకొక బొమ్మ తెరుచుకుని మా అత్త ముఖం కనిపించి మాయమైంది. "మీ జేజి గదా?" అంటే, "ఊ, జేజిని గూడా పెడతాండాం" అంది. మా అత్తకు ఈ సంగతి చెప్పాలని బస్సు దిగేదాకా ఆగలేకపోయాను.

కాలేజీలో చూపించారు, అందరికంటే దీనికే ఎక్కువ మార్కులు వచ్చాయని ఫోను వచ్చింది. మరుసటి ఆదివారం సీడీ తీసుకుని, స్నేహితురాలి కెమెరా కూడా అడిగి తీసుకుని వచ్చింది. మా అత్త టీవీ ముందర కుర్చీలో కూర్చుంది, అదే చీర కట్టుకుని. మునుంలోవాళ్లు ముగ్గురు గడప దగ్గర చేరారు. నా మొగుడు ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

పిట్టల పాట రాలేదు. వేపచెట్టు కింద కళ్లు మూసుకున్న నేను వచ్చాను.

"వానకు తెలిసె, గాలికి తెలిసె" అని నా గొంతు టీవీలోంచి మా ఇంట్లోకి వచ్చేసింది. గడప దగ్గరున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఆపుదామనుకున్నాను, దేన్ని నొక్కితే ఆగుతుందో తెలియదు. "అత్త దాచెనే" దగ్గర రంగులు పోయి తెలుపు నలుపు అయింది. మా అత్త తెర మీదికి వచ్చింది. కుర్చీలో ఉన్న మా అత్త తనను తాను చూసుకుని నవ్వింది, "నేనే!" అని. తెర మీద ఆమె మూటను పైకెత్తింది. చెయ్యి ఎంత మెల్లగా కదిలిందంటే, మూట అటుక మీదికి పోవడానికి నా పాటలో రెండు చరణాలు పట్టింది. అందకుండ పెట్టెనే. ముఖం దగ్గరికి తెచ్చారు. మనవరాలి కోసం నవ్విన నవ్వు, అక్కడ దొంగనవ్వు అయింది.

అప్పటికి ఆమెకు అర్థమైంది.

పాట అయిపోయింది. మా అత్త నా దిక్కు తిరగలేదు. తెర దిక్కే చూస్తూ అంది:

"ఇది మునుం పాట గదా. ఇంట్లోకెట్ల వచ్చినాది?"

"అత్తా..." అన్నాను.

"నామీద పాటుంటాదని తెలుసు మే. నేను గూడా మునుం పట్టినదాన్నే. మా అత్తను నేను తిట్టని తిట్టా? చేలో ఉన్నన్ని దినాలు ఉండనీ అనుకుంటి." అప్పుడు ద్వారబంధం దిక్కు తిరిగింది. "ఇప్పుడు ఇంట్లోకి వచ్చినాది గదప్పా. చెప్పు. మంగళారం ఆ ముసలాయన కలిసింది ఎవురిని?"

నా మొగుడు పైపంచె సర్దుకున్నాడు.

"కాయ నేలలో ఉండె" అన్నాడు. "మబ్బు పట్టి ఉండె. మూడు దినాలే గదా అనుకుంటి. పోతాదనుకోల్యా."

"నాకు వీడు శుక్రారం పొద్దున చెప్పినాడు మే. చెప్పిన గడియలోనే నిన్ను పంపిస్తి" అంది మా అత్త.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పల్యా?"

"మొగునిమీద కోపం పెట్టుకోని యాడ బతుకుతావ్? అత్తమీద అంటే బతకొచ్చు."

నేను ఎవరి దిక్కు చూడాలో తెలియక గోడ దిక్కు చూశాను. బియ్యం డబ్బా మీద కెమెరా మా వైపే తిరిగి ఉంది. దాని ముందర మెరూన్ రంగు బొట్టు బిళ్ల. నాదే. లేచిపోయి గోటితో లాగాను. కింద ఎర్ర లైటు వెలుగుతోంది.

"ఇప్పుడు గూడానా?" అన్నాను.

నా కూతురు తల దించుకుంది. "అమ్మా, నువ్వు కెమెరా చూసి పాడింది ఒక్కరు గూడా వినరు. ఇది చూసి కాలేజీ అంతా ఏడ్చినాది. మా సారు లేసి నిలబడినాడు" అంది.

"మా యమ్మ కోసం వాళ్లెందుకు ఏడ్చేది?"

నా మొగుడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. మునుంవాళ్లు మెల్లగా లేచారు. మా అత్త కుర్చీలోనే ఉండి కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుంది.

సాయంత్రం బస్సెక్కేముందు దాన్ని అడిగాను. "మీ నాయన చెప్పింది గూడా ఆ కెమెరాలో పడింది గదా. పాట మార్చు. మీ జేజిని తీసెయ్యి."

"ఇచ్చేసినాం అమ్మా. మార్కులు గూడా పడినాయి. అందరూ కాపీలు తీసుకున్నారు. ఇప్పుడెట్ల అయితాది?"

"నా దగ్గు తీసేస్తివే. అతుకు గూడా తెలియకుండా తీసేస్తివి."

అది బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. చేలో అయితే ఆ పాటను మరునాడే మార్చేసేదాన్ని. నిన్న ఒకరిని తిట్టి, నేడు ఇంకొకరిని తిట్టి, ఎల్లుండి అందరినీ వదిలేసిన పాటలు ఎన్ని లేవు మాకు.

సీడీలు ఊళ్లో తిరిగాయి. ఆ ఏడు కలుపుకు మునుంలో ఏడుగురమే ఉన్నాం. నేను చాలాసేపు ఊరికే తీశాను. తర్వాత ఎత్తుకున్నాను.

అమ్మ మాట మూటగట్టి మొగుడు దాచెనే

ఎవరూ అందుకోలేదు. కొడవళ్లు నేలను గీరుతున్న చప్పుడు ఒక్కటే. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల తలెత్తి, "అక్కా, తప్పు పాడతాండావ్. సీడీలో అత్త గదా ఉండేది?" అంది.

"మొగుడంటే కుదరల్యా అక్కా. అత్తంటేనే బాగుంటాది" అంది ఇంకొకామె. ఆమే ఎత్తుకుంది. సీడీలో ఉన్నట్టే, నా గొంతు ఆగినచోట ఆగుతూ పాడింది. మిగిలినవాళ్లు అందుకున్నారు. నేను నోరు మూసుకుని వంగి గరిక పీకుతూ పోయాను.

తల పక్కకు తిప్పితే గెనిమ మీద మా అత్త, మజ్జిగ చెంబు పట్టుకుని. ఎప్పుడు వచ్చిందో. పాట అయిపోయేదాకా ఆమె చేలోకి దిగలేదు.